తోలు బెల్టులో తూటాలు: చీనీ తోట రైతు రివాల్వర్‌పై ఒక కేస్ స్టడీ

పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల తనిఖీ, మరమ్మతులు చూసేవాడిగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు లైసెన్స్ ఉన్న ఒక ఆయుధాల దుకాణం తరఫున తనిఖీ, భద్రతా శిక్షణ పనులు చూస్తున్నాను. ఆత్మరక్షణకు ఏ తూటా మంచిదని అడిగేవాళ్లు తరచుగా వస్తుంటారు. ఆ ప్రశ్నకు ఒక్క పేరు చెప్పి పంపేస్తే ఎంత ప్రమాదమో ఈ కేసులో స్పష్టంగా కనిపించింది, అందుకే రాసి పెడుతున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. తుపాకీ, తూటాలు, ఇంటి కట్టుబడి గురించి రాసినవి మార్చలేదు.

నేపథ్యం

ఆయన అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) రైతు, వయసు అరవై దాటింది. ఊరికి దూరంగా తోటలోనే ఇల్లు. ఉండేది ఆయన, భార్య. సెలవులకు మనవళ్లు వస్తారు. ఇంటి వెనక బోరు షెడ్డును ఆనుకుని ఒక గదిలో పనివాళ్ల కుటుంబం ఉంటుంది. తండ్రి పేరున ఉన్న .32 రివాల్వర్ ఆయన పోయాక వారసుడిగా ఈయన పేరుకు మారింది. 2016 ఆయుధాల నియమాల్లో వారసులకు ఆ అవకాశం ఉంది. ఆ లైసెన్స్ పనిలో శిక్షణ సర్టిఫికెట్ కోసం నా దగ్గరికి వచ్చారు.

రాయలసీమలో తుపాకీ అంటే బయటివాళ్లకు ఫ్యాక్షనే గుర్తొస్తుంది. నేను చూసేవాళ్లలో ఎక్కువమంది పెట్రోలు బంకు నడిపేవాళ్లు, బ్యాంకు గార్డులు, ఇట్లా తోటల్లో ఒంటరిగా ఉండే రైతులు. వాళ్ల భయం నిజమైనదే. దానికి సరైన సమాధానం దొరకడం వాళ్ల హక్కు అని నేను నమ్ముతాను.

ఏం అడిగారు

"సార్, దీంట్లోకి గట్టి తూటా ఏదో చెప్పు. తగిలితే మనిషి అక్కడే పడిపోవాల" అన్నారు.

వివరంగా అడిగితే రెండు వేర్వేరు భయాలు బయటపడ్డాయి. చుట్టుపక్కల తోటల్లో మోటరు కేబుళ్లు, డ్రిప్ పైపులు తరచూ పోతున్నాయి. కేబుల్ కోసేసి అందులోని రాగి అమ్ముకునే దొంగల పని అది. రెండోది, దగ్గర్లోని ఇంకో తోటలో ముసలి దంపతులను కట్టేసి బంగారం ఎత్తుకెళ్లారు. ఆ వార్త విన్నప్పటి నుంచి ఈయన భార్యకు నిద్ర లేదు. అమెరికాలో ఉన్న మేనల్లుడేమో ఫోనులో "9 ఎంఎం హాలో పాయింట్ పెట్టుకో మామా, మిగతావన్నీ దండగ" అన్నాడట.

హాలో పాయింట్ అంటే ముక్కులో గుంట ఉండి, తగిలాక విచ్చుకునే గుండు. మేనల్లుడు చెప్పింది అక్కడికి సరిపోయే మాట. మన దేశంలో 9 ఎంఎం మామూలు పౌరులకు ఇవ్వని నిషేధిత బోరు (బోరు అంటే తుపాకీ గొట్టం లోపలి కొలత). ఆత్మరక్షణకు లైసెన్స్ మీద దొరికే చేతి తుపాకుల్లో ప్రధానమైనవి .32 రివాల్వర్, .32 పిస్టల్, .22. కాబట్టి పోలిక ఆ పరిధిలోనే జరగాలి. అక్కడ లేనిదాన్ని కొలబద్దగా పెట్టుకుంటే ఉన్నదాని మీద నమ్మకం పోతుంది, దాన్ని సాధన చేయాలన్న ఓపికా పోతుంది.

ముందు పాతవి చూశాను

కొత్త తూటాల గురించి మాట్లాడే ముందు, ఇంట్లో ఉన్నవన్నీ లైసెన్స్‌తో పాటు తెమ్మన్నాను. మనిషి రాత్రిపూట చేతిలోకి తీసుకునేది దుకాణంలో ఉన్న తూటాను కాదు, ఇంట్లో ఉన్నదాన్ని. దాని స్థితి తెలియకుండా ఇంకోదానితో పోల్చలేం.

తండ్రి వాడిన తోలు బెల్టు తెచ్చారు. గుచ్చులలో తూటాలు అట్లాగే ఉన్నాయి. ఇత్తడి మీద పచ్చటి చిలుము పట్టి, కొన్ని తోలుకు అతుక్కుపోయాయి. తోలును పదును చేసే రసాయనాలు ఇత్తడిని తింటాయి. బెల్టు తూటాలను మోయడానికి పనికొస్తుంది, దాచడానికి పనికిరాదు. దానికి తోడు తండ్రి ఏటా పండుగకు తుపాకీతో పాటు తూటాలకు కూడా కుట్టు మిషన్ నూనె పూసేవారట. శ్రద్ధతో చేసిన పనే అది. కానీ నూనె మెల్లగా ప్రైమర్‌లోకి, అంటే తూటా అడుగున నిప్పు పుట్టించే భాగంలోకి దిగితే లోపలి మందు చచ్చిపోతుంది. తుపాకీకి నూనె మంచిది, తూటాకు చెడ్డది.

ఇంకో సంగతి కూడా ఆ బెల్టులోనే దొరికింది. పొడుగు తూటాల మధ్య రెండు పొట్టివి ఉన్నాయి. అవి రివాల్వర్‌వి కావు, పిస్టల్‌వి. రెండింటినీ మనవాళ్లు ".32" అనే పిలుస్తారు. రివాల్వర్‌లో వాడేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, 1896 నాటిది. దాని కేస్ (మందు ఉండే ఇత్తడి తొడుగు) పొడవు 23 మిల్లీమీటర్ల పైన, అడుగున పూర్తి అంచు ఉంటుంది. పిస్టల్‌లో వాడేది .32 ఏసీపీ, 1899లో జాన్ బ్రౌనింగ్ రూపొందించినది. కేస్ 17 మిల్లీమీటర్ల పైచిలుకు, అంచు చాలా సన్నం. ఆ సన్నటి అంచు పట్టుకుని పొట్టి తూటా రివాల్వర్ చాంబర్‌లో (సిలిండర్‌లో తూటా ఉండే గదిలో) కూర్చోగలదు, కొన్నిసార్లు పేలనూ పేలుతుంది. అసలు ప్రమాదం అదే. అమెరికా ప్రమాణాల ప్రకారం రివాల్వర్ తూటాకు గరిష్ఠ పీడనం 15,000 పీఎస్ఐ అయితే, ఈ పొట్టిదానికి 20,500. పాత రివాల్వర్‌కు ఆ భారం పెట్టకూడదు. ఆ రెండింటినీ అప్పుడే వేరు చేసి, చట్టప్రకారం దుకాణంలో జమ చేయించాను.

మిగిలిన పాతవాటిలో కాస్త శుభ్రంగా కనిపించిన వాటిని అనుమతి ఉన్న ఫైరింగ్ రేంజ్‌లో పరీక్షించాం. మొదటి ఆరింటిలో రెండు పేలలేదు. ఒకటి తుస్సుమంది. పేలనప్పుడు తుపాకీని రేంజ్ చివరి మట్టికట్ట వైపే గురిపెట్టి కనీసం అర నిమిషం ఆగాలి. ప్రైమర్ ఆలస్యంగా అంటుకునే వీలుంది. ఆ లోపల సిలిండర్ తిప్పితే తూటా గొట్టానికి ఎదురుగా లేనిచోట పేలుతుంది. తుస్సుమన్నప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. మందు సరిగా మండకపోతే గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది లేదా చీలుతుంది. ఆపి, తూటాలు తీసి, గొట్టంలోకి కడ్డీ పంపి చూశాం. ఖాళీగానే ఉంది.

ఇక్కడ ఒక నిర్ణయం చేయాల్సి వచ్చింది: తప్పు తూటాదా, తుపాకీదా? పేలని వాటి ప్రైమర్ మీద గుంట చూశాను. లోతుగా, మధ్యలో సరిగ్గా పడింది. హ్యామర్ స్ప్రింగ్ బలహీనమైతే గుంట పైపైనే ఉంటుంది, సిలిండర్ సరిగా నిలవకపోతే పక్కకు జరుగుతుంది. అంటే రివాల్వర్ ఆరోగ్యంగా ఉంది, తూటాలు పోయాయి. ఈ చిన్న పరిశీలన లేకుండా కొత్త తూటాలు కొనడం, లేదా కొత్త తుపాకీ కొనడం, రెండూ గుడ్డి పనులే.

"గట్టి తూటా" లెక్క

ఇప్పుడు ఆయన అడిగిన పోలికకు వచ్చాం. కాగితం మీద అంకెలు వేసి చూపించాను. రివాల్వర్‌లో వాడే సీసం గుండు సుమారు 98 గ్రెయిన్లు, అంటే ఆరు గ్రాముల పైన. వేగం సెకనుకు దాదాపు 215 మీటర్లు. శక్తి 147 జౌల్స్ దరిదాపుల్లో. పిస్టల్ తూటాలో రాగి పూత గుండు 71 గ్రెయిన్లు, నాలుగున్నర గ్రాములు దాటుతుంది. వేగం 275 మీటర్ల చుట్టుపక్కల, శక్తి సుమారు 175 జౌల్స్. మేనల్లుడు చెప్పిన 9 ఎంఎం 490 దాకా పోతుంది. తయారీని బట్టి, గొట్టం పొడవును బట్టి ఇవి కొంత అటూఇటూ అవుతాయి. మన .32 రివాల్వర్ల గొట్టాలు పొట్టివి కాబట్టి చేతిలో ఇంకాస్త తగ్గుతాయి కూడా.

"అయితే పిస్టలే గట్టిది కదా సార్" అన్నారు వెంటనే.

చేతి తుపాకీ గుండు మనిషిని వెనక్కి నెట్టి పడేయదు. అది సినిమాల్లో మాత్రమే జరుగుతుంది. అంత నెట్టే బలం ఉంటే కాల్చినవాడి చేయి కూడా అంతే వెనక్కి పోవాలి. గుండు దెబ్బ తిన్నవాడు భయంతో ఆగిపోవచ్చు, ఆగకపోనూ వచ్చు. ప్రాణాంతకమైన గాయం తగిలాక కూడా మనిషి కొన్ని సెకన్లపాటు కదలగలడు. కాబట్టి చేతి తుపాకీ తూటాలను పోల్చేటప్పుడు ముందు చూడాల్సింది తగినంత లోతుకు పోతుందా లేదా అన్నది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బీఐ వాళ్లకు, ఇద్దరు బ్యాంకు దొంగలకు కాల్పులు జరిగాయి. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. దొంగల్లో ఒకడికి తగిలిన 9 ఎంఎం హాలో పాయింట్ గుండు బాగా విచ్చుకుంది, కానీ గుండె దాకా చేరకుండానే ఆగింది. వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఆ తర్వాతే అక్కడ, కండకు బదులుగా పరీక్షల్లో వాడే జెలటిన్‌లో 12 నుంచి 18 అంగుళాల లోతు అనే కొలత స్థిరపడింది.

ఆ కొలతతో చూస్తే .32లో హాలో పాయింట్ వల్ల లాభం లేదు. గుండు తేలిక, వేగం తక్కువ. విచ్చుకుంటే లోతుకు పోదు, విచ్చుకోకపోతే మామూలు గుండులాగే పోతుంది. రివాల్వర్ వేగానికైతే విచ్చుకోవడమే కష్టం. మామూలు గుండ్రటి ముక్కు గుండే, సీసమైనా రాగి పూతదైనా, ఈ బోరుకు సరైన లోతు ఇస్తుంది. పోటీ షూటర్లు వాడే చదును ముక్కు తూటా ఒకటుంది, వాడ్‌కటర్ అంటారు. గురికి చాలా మంచిది. కానీ ఆ చదును అంచు చాంబర్ నోటికి తట్టుకుంటుంది, చీకట్లో వణికే చేతులతో నింపడానికి ఇబ్బంది. అది క్రీడాకారుల సరుకు కూడా. దాన్ని పక్కన పెట్టేశాం.

పనిచేయనివి

అంకెలు చెప్తే ఆయనకు తృప్తి కలగలేదు, కళ్లతో చూడాలన్నారు. రేంజ్‌లో నీళ్ల క్యాన్లు వరుసగా పెట్టి, ముందు నాలుగు మడతల జీన్స్ గుడ్డ కట్టి, కొత్త రివాల్వర్ తూటాలు, రేంజ్ వాళ్ల .32 పిస్టల్ తూటాలు కాల్చి చూపించాం. రెండూ దాదాపు ఒకే లోతుకు పోయాయి. కానీ పిస్టల్ గుండుకు మొదటి క్యాన్ ఎక్కువగా చిమ్మింది. ఆయన ఆ చిమ్మడమే చూశారు, నాలుగో క్యాన్ వైపు చూడనే లేదు. వేగం ఎక్కువైతే నీళ్లు ఎక్కువ చిమ్ముతాయి. ఈ వేగాల దగ్గర శరీరంలో ఆ తేడా నిలిచే గాయంగా మారదు. ఈ పరీక్ష ఆయన సందేహం తీర్చలేదు, ఉన్న అపోహను ఇంకాస్త గట్టిపరిచింది. చూపించే పరీక్షకు ముందు ఏం చూడాలో ఒప్పించి తీరాలి అన్న నియమం ఈ కేసు తర్వాత నేను అందరి విషయంలో పాటిస్తున్నాను.

పిస్టల్ కొనాలన్న ఆలోచన మాత్రం ఆయన చేతులే తేల్చేశాయి. .32 పిస్టళ్లలో చాలావరకు స్లైడ్ (పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) బరువు, స్ప్రింగ్ బిగువు మీదే ఆధారపడి పనిచేస్తాయి, అందుకని ఆ స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది. ఆయనకు వేళ్ల కీళ్ల నొప్పులు. స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగలేకపోయారు, సగంలో వదిలేస్తే తూటా ఇరుక్కుంది. ఇరుక్కున్న పిస్టల్‌ను సరిచేయడానికి మళ్లీ అదే స్లైడ్ లాగాలి. రివాల్వర్‌లో తూటా పేలకపోతే ప్రాణాపాయంలో చేయాల్సింది ట్రిగ్గర్ మళ్లీ నొక్కడమే, పక్క చాంబర్ ముందుకొస్తుంది. 175 జౌల్స్ కన్నా 147 జౌల్స్ ఈ మనిషికి మేలు అని అక్కడ తేలిపోయింది. .22 సంగతి కూడా అడిగారు. చేతికి సులువే, కానీ దాని ప్రైమర్ మందు కేస్ అంచు చుట్టూ ఉంటుంది, పేలకుండా పోయే వీలు మధ్యలో ప్రైమర్ ఉన్నవాటి కన్నా ఎక్కువ. పేలని తూటాల బాధతోనే వచ్చిన మనిషిని అటు పంపడంలో అర్థం లేదు.

ఇల్లు చూశాక

తూటా ఎంపికను పూర్తిగా తేల్చింది ఆయన ఇల్లు. తోటకు వెళ్లి చూశాను. నేల అంతా తాడిపత్రి నాపరాయి. ప్రహరీ కూడా నాపరాతి బండలు నిలబెట్టిందే. పడకగది గోడలు పాతకాలపు మందపాటి రాతిగోడలు. వరండా మాత్రం రేకులది, వెనక తలుపు పలుచని చెక్క. ఆ తలుపుకు సూటిగా పనివాళ్ల గది.

గట్టి రాతికి ఏటవాలుగా తగిలిన గుండు అక్కడే ఆగదు. తగిలిన కోణం కన్నా తక్కువ కోణంలో లేచి, నేలను లేదా గోడను దాదాపు ఆనుకుని జారిపోతుంది. నాపరాయి పరిచిన ఇంట్లో కిందికి కాల్చిన "హెచ్చరిక" గుండు పక్క గదిలో పిల్లల కాళ్లదాకా పోగలదు. రాతి మీద కాల్చి చూపించే పని నేను ఎప్పుడూ చేయను, ఎవరూ చేయకూడదు. సీసం గుండు రాతికి నిటారుగా తగిలితే చదునైపోయి, ముక్కలై చాలా శక్తి పోగొట్టుకుంటుంది. రాగి పూతది ఆకారం నిలుపుకుని ఎగిరే అవకాశం ఎక్కువ. సీసం ముక్కలు కూడా గాయపరుస్తాయి, కాబట్టి దీన్ని భద్రత అనలేం. అయినా ఈ ఇంటికి సంబంధించి సీసానికి ఒక మొగ్గు ఉంది. చెక్క తలుపును, రేకును ఈ బోరులో ఏ తూటా అయినా దాటిపోతుంది. వెనక తలుపు వైపు కాల్చడం అంటే పనివాళ్ల గదిలోకి కాల్చడమే అని ఆయనకు ఆ తలుపు దగ్గర నిలబెట్టి చెప్పాను. అప్పటిదాకా గట్టి తూటా అడిగిన మనిషి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ పిల్లోళ్లు మా మనవళ్లతో ఆడుకుంటారు సార్" అన్నారు.

పనిచేసినవి

తూటా: రివాల్వర్‌కు సరిపోయే మామూలు సీసం గుండ్రటి ముక్కు తూటాలే, కొత్త లాట్‌వి (లాట్ అంటే ఒకే విడతలో తయారైనవి). ఖడ్కీ ఫ్యాక్టరీ సరుకుకు అడుగున కేఎఫ్ అని ఉంటుంది. ఇప్పుడది మునిషన్స్ ఇండియా కింద ఉంది. లైసెన్స్ పుస్తకంలో ఒకసారి ఉంచుకోగల సంఖ్య, ఏడాదికి కొనగల సంఖ్య రాసి ఉంటాయి. ఆ పరిమితిలోనే కొని, అదే లాట్‌లో మూడో వంతు రేంజ్‌లో కాల్చాం. అన్నీ పేలాయి. ఉన్నవి కొన్నే అయినప్పుడు వాటిని కాల్చి వృథా చేయడమెందుకని చాలామంది ఆపుతారు. కాల్చి చూడని లాట్ మీద మాత్రం నేను నమ్మకం పెట్టను.

గురి: రివాల్వర్‌లో ట్రిగ్గర్ ఒక్క లాగుతో కాల్చాలంటే వేలికి బరువు పడుతుంది, గుండు కిందికి పోతుంది. ఖాళీ చాంబర్లలో డమ్మీ రౌండ్లు (పేలని ఉత్తుత్తి తూటాలు) పెట్టి ఇంట్లో రోజూ కొద్దిసేపు సాధన చేయించాను. ఆ సమయంలో అసలు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదన్న షరతుతో. కొన్ని వారాలకు ఏడు మీటర్ల దూరంలో ఆయన గుండ్లు సగం ఏ4 కాగితంలో పడటం మొదలైంది. .32కు వెనక్కి తన్నడం తక్కువ, ఆ కీళ్లకు అదే వరమైంది.

దాచడం: తోలు బెల్టు పక్కన పెట్టించాం. గట్టిగా మూతపడే డబ్బాలో తేమ పీల్చే సిలికా సంచి వేసి, డబ్బా మీద కొన్న తేదీ రాయించాను. మన ఎండల్లో కారు డ్యాష్‌బోర్డులో, రేకుల కింద అటక మీద అస్సలు పెట్టకూడదు. పగలు రివాల్వర్ ఖాళీగా, గోడకు బిగించిన లాకర్‌లో ఉంటుంది. తాళం ఆయన మొలతాడుకే. రాత్రి తలుపులు వేశాకే నింపుతారు. మనవళ్లు వచ్చిన రోజుల్లో ఆ లాకర్ ఉన్న గదిలో పిల్లలు పడుకోరు.

ఇల్లు: వరండాకు గ్రిల్లు, బయట కదలికకు వెలిగే లైట్లు పెట్టించుకున్నారు. రాత్రి శబ్దమైతే భార్యాభర్తలిద్దరూ రాతిగోడల పడకగదిలోనే ఉండి, గడియ పెట్టి, ముందు 112కు ఫోన్ చేయాలి. తోటలోకి వెతుక్కుంటూ పోకూడదు. ఆ గది తలుపు పగలగొట్టి లోపలికి వచ్చేవాడి వెనక ఉన్నది మందపాటి రాతిగోడ. ఇంట్లో కాల్చదగ్గ దిక్కు ఏదన్నా ఉంటే అదొక్కటే.

చట్టం

కేబుల్ దొంగల సంగతి మిగిలింది. "కనీసం గాల్లో కాలుస్తా" అన్నారు. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది. అవసరమైనదానికి మించి హాని చేసే హక్కు అందులో లేదు. దోపిడీకి, సూర్యాస్తమయం తర్వాత ఇంట్లోకి చొరబడేదానికి ఒక లెక్క, బయట మోటరు దగ్గర కేబుల్ కోసేవాడికి ఇంకో లెక్క. దొంగతనం వల్ల ప్రాణానికి లేదా తీవ్ర గాయానికి భయపడటానికి కారణం ఉంటే తప్ప, ఆస్తి కోసం ప్రాణం తీసే హక్కు చట్టం ఇవ్వదు. గాల్లో కాల్చిన గుండు ఎక్కడో ఒకచోట దిగుతుంది. నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే 2019 సవరణ తర్వాత ఆయుధాల చట్టంలో రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కేబుల్ సమస్యకు ఆయన చివరికి పైపు గొట్టంలో కేబుల్ వేయించి కాంక్రీటు పోయించారు. ఈ కేసు మొత్తంలో ఆయన పెట్టిన ఖర్చులో అత్యంత ఉపయోగపడింది అదేనని నా అభిప్రాయం.

నేర్చుకున్నవి

మన లైసెన్స్ బోర్లలో తూటాకు తూటాకు మధ్య శక్తి తేడా చిన్నది. అదే తూటా కొత్తదా పాతదా, ఆ తుపాకీదేనా కాదా, ఆ చేతికి సరిపోతుందా అన్న తేడాలు చాలా పెద్దవి. దుకాణంలో మాట్లాడేటప్పుడు అందరూ మొదటిదాని గురించే అడుగుతారు. అందుకని ఇప్పుడు నేను ".32 కావాలి" అన్నవాళ్లకు తూటా చూపించే ముందు తుపాకీ చూస్తాను, ఇంట్లో మిగిలినవి తెమ్మంటాను, ఇంటి గోడలు దేనివో అడుగుతాను. గోడల గురించి అడిగితే మొదట్లో వింతగా చూస్తారు. నాపరాయి, రేకుల ఇళ్లున్న మన జిల్లాల్లో మాత్రం ఆ ప్రశ్న వదలడానికి వీల్లేదు.

ఎన్నికలు వచ్చినప్పుడు ఆయుధాలు స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో జమ చేయాల్సి వస్తుంది. ఆ సమయంలో రివాల్వర్‌తో పాటు తూటాలు కూడా నెలల తరబడి ఎక్కడ, ఎట్లా ఉంటాయో మన చేతిలో ఉండదు. మొన్నటిసారి ఆయన డబ్బా మూత బిగించి, సంఖ్య రసీదులో రాయించుకుని ఇచ్చారు. తిరిగి తెచ్చుకోగానే నా దగ్గరికి వచ్చి ఒక్కోటి తుడిచి చూపించారు. అందులో కొన్నింటిని రేంజ్‌లో కాల్చాం, పేలాయి. వాటి స్థానంలో కొత్తవి కొని, డబ్బా మీద తేదీ మార్చి రాసుకున్నారు.